ఎన్ని జీబీలు కావాలో చెప్పేది మీ ఆటల లిస్టు కాదు, మీ ఇంటి నెట్టు

హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, దొరికే వాటిలోకెల్లా పెద్ద మెమరీ కార్డు ఆర్డరు పెట్టడం. రెండోది, సేల్ వచ్చినప్పుడల్లా కొని పడేసిన ఆటలన్నీ అందులోకి దించడం. నెల తిరిగేసరికి కార్డు నిండిపోతుంది, ఆడుతున్నవి మాత్రం రెండో మూడో ఉంటాయి. స్టోరేజీ ఎంత కొనాలో తేల్చాల్సింది మీరు కొన్న ఆటల సంఖ్య కాదని నా వాదన. ఒక ఆటను తీసేస్తే దాన్ని మళ్లీ దించుకోవడానికి మీకు ఎంతసేపు పడుతుంది? ముందు ఆ ప్రశ్నకు జవాబు తెలియాలి. కార్డు, ఎస్ఎస్‌డీ (యంత్రం లోపలి డ్రైవు), ఎంచుకునే ఆటలు అన్నీ దాని తర్వాతే.

ఇక్కడ ఎక్కువగా స్టీమ్ డెక్ గురించే చెబుతాను; స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్ అది. వాల్వ్ దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మకపోయినా, అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో, దిగుమతి చేసి అమ్మేవాళ్ల దగ్గర అది బాగానే వస్తోంది. ఇక్కడి షాపుల్లో దొరికే ఆర్ఓజీ అలై, లీజియన్ గో లాంటి విండోస్ యంత్రాలకూ చాలావరకు ఇదే లెక్క. తేడా ఉన్నచోట చెబుతాను.

లెక్క సులువే. 100 జీబీ ఆటకు 100 ఎంబీపీఎస్ ఫైబరు మీద, లైను నిజంగా ఆ స్పీడు ఇస్తే, రెండుంపావు గంటలు పడుతుంది. 40 ఎంబీపీఎస్ అయితే ఐదున్నర గంటలు, అంటే రాత్రి పెడితే తెల్లారేసరికి వచ్చేస్తుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీదైతే సరిగ్గా 50 రోజులు, అదీ ఆ డేటాతో ఇంకేమీ చూడకుండా ఉంటే. మొదటి ఇంట్లో డ్రైవు అంటే రేపు వండుకోబోయేది పెట్టుకునే వంటింటి గట్టు; మూడో ఇంట్లో అది ఏడాదికి సరిపడా నింపుకోవాల్సిన గాదె. రెండిళ్లకీ ఒకే కార్డు సిఫారసు చేసే యూట్యూబు వీడియోలను నమ్మొద్దనేది అందుకే. అవి చేసేవాళ్లలో చాలామందికి హాట్‌స్పాట్ మీద బతికే హాస్టలు గది ఎలా ఉంటుందో పట్టదు.

ఫైబరు ఉన్నవాళ్లకు ఆట తీసేయడమంటే భయం ఉండక్కర్లేదు. కొన్న ఆట అకౌంటులోనే ఉంటుంది, చాలా ఆటల సేవ్ ఫైళ్లు స్టీమ్ క్లౌడ్‌లోకి వెళ్తాయి. "చాలా" అన్నాను, "అన్నీ" అనలేదు. స్టోర్ పేజీలో కుడివైపు ఫీచర్ల వరసలో స్టీమ్ క్లౌడ్ గుర్తు ఉందో లేదో తీసేసే ముందు చూడండి. లేకపోతే డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి, స్టీమ్‌యాప్స్ ఫోల్డరులో కంపాట్‌డేటా (విండోస్ ఆటల సెట్టింగులు, సేవ్‌లు ఉండే చోటు) తెరిచి, ఆ ఆట నంబరు పేరుతో ఉన్న ఫోల్డరు లోపలి నుంచి సేవ్ ఫైళ్లను పక్కకి కాపీ చేసుకోవాలి. ఎనభై గంటలు ఆడిన సేవ్ పోయాక స్టీమ్‌ని తిట్టుకుని లాభం లేదు.

ఇక ఏ ఆటలు ఎంచుకోవాలి? యంత్రం ఏమిటో మొదట గుర్తు పెట్టుకోండి. తెరను బట్టి డెక్‌లు రెండు రకాలు: ఎల్‌సీడీ డెక్‌కు 7 అంగుళాల తెర, ఓఎల్ఈడీకి 7.4. రెండింటి రెజల్యూషనూ 1280 x 800. ఎల్‌సీడీ బ్యాటరీ 40 వాట్ అవర్లు, ఓఎల్ఈడీది 50. పెద్ద త్రీడీ ఆట నడుస్తుంటే యంత్రం మొత్తం కలిపి 20 నుంచి 25 వాట్ల దాకా తాగుతుంది. 40ని 25తో భాగిస్తే గంటన్నర మిగులుతుంది. చిన్న టూడీ ఆట 8 వాట్లలోపే నడుస్తుంది, కాబట్టి అదే బ్యాటరీ ఐదు గంటలు వస్తుంది. విజయవాడ నుంచి సికింద్రాబాద్ రైల్లో ఛార్జింగ్ పాయింటు దగ్గర సీటు దొరకనివాళ్లకు ఈ తేడా బాగా అర్థమవుతుంది. చిత్రం ఏమిటంటే, బ్యాటరీ తాగేసే ఆటలే సాధారణంగా జీబీలనూ తినేవి. బాల్డర్స్ గేట్ 3 కి 150 జీబీ అడుగుతారు, సైబర్‌పంక్ 2077కి 70, ఎల్డెన్ రింగ్‌కి 60. అదే సెలెస్టే ఒక జీబీ పైచిలుకు, స్టార్డ్యూ వ్యాలీ ఒక జీబీలోపు, బలాట్రో 150 ఎంబీ. హాలో నైట్ 9 జీబీ, హేడీస్ 15 జీబీలోపు. ఇలాంటివి పది వేసుకున్నా బాల్డర్స్ గేట్‌కి పట్టే చోటులో సగం కూడా నిండదు, ఆడే గంటలు మాత్రం వందల్లో ఉంటాయి.

చిన్న ఆట అంటే చిన్నచూపు చూసేవాళ్లున్నారు. "అంత డబ్బు పోసి యంత్రం కొని పొలం దున్నే ఆట ఆడతామా" అంటారు. ఆడతాం. ఏడంగుళాల తెర మీద అక్షరం చదవగలిగేదీ, ఇరవై నిమిషాల్లో ఒక ఘట్టం ముగిసేదీ, పవర్ బటన్ నొక్కి పడుకోబెట్టి సాయంత్రం లేపితే ఆగినచోటి నుంచే నడిచేదీ ఆ ఆటలే. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాల్సిన ఆటను స్లీప్‌లో పెట్టి లేపితే సర్వరు తెగిపోయి మెయిన్ మెనూకి గెంటేస్తుంది. చేతిలో పట్టుకునే యంత్రంలో సగం సుఖం ఆ స్లీప్ బటన్‌లోనే ఉంది కాబట్టి, అది పనిచేయని ఆటకు నేను సగం మార్కులు కోసేస్తాను. అన్నట్టు, హైదరాబాద్‌కి చెందిన ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన 'అసుర' కూడా స్టీమ్‌లో ఉంది. మన పురాణాల్లోని రాక్షసుల లోకం, చావగానే మొదటికొచ్చే తరహా ఆట. మనవాళ్లలోనే చాలామందికి దాని పేరు తెలియదు.

స్టోర్‌లో కనిపించే గుర్తులను ఎలా చదవాలో ఇప్పుడు. ఆకుపచ్చ టిక్ అంటే వెరిఫైడ్, పసుపు అంటే ప్లేయబుల్, తర్వాత అన్‌సపోర్టెడ్, అసలు పరీక్షించనివి అన్‌నోన్. ఆకుపచ్చ టిక్ కోసం చూసేవి ప్రధానంగా నాలుగు: కంట్రోలర్‌తో అంతా నడుస్తుందా, మామూలు సెట్టింగుల్లో బాగా నడుస్తూ అక్షరాలు చదవగలిగేలా ఉందా, మధ్యలో అడ్డం వచ్చే హెచ్చరికలేమైనా ఉన్నాయా, ఆటకు కావాల్సినవన్నీ డెక్ సిస్టమ్ మీద పనిచేస్తాయా. ఆట చివరిదాకా ఒకే వేగంతో నడుస్తుందన్న హామీ అందులో లేదు. బాల్డర్స్ గేట్ 3కి టిక్ ఉంది. అయినా మూడో అంకంలో నగరంలోకి అడుగుపెట్టాక ఫ్రేములు పడిపోతాయి, అంటే కదలిక తడబడుతుంది. 2025 సెప్టెంబరులో ఆ ఆట చేసిన లారియన్ స్టీమ్ డెక్ కోసమే ఒక వెర్షన్ విడుదల చేశాక ఆ భారం కొంత తగ్గింది. మరోవైపు, పసుపు గుర్తున్న వాటిలో కొన్నింటికి ఉన్న లోపం ఒక్కటే: మొదట్లో ఒక లాంచరు (ఆట కంటే ముందు వచ్చే కంపెనీ సొంత తెర) తెరుచుకుంటుంది, దాన్ని వేలితో తాకి దాటాలి. దానికి భయపడి మంచి ఆట వదులుకోనక్కర్లేదు.

నిజంగా వదులుకోవాల్సినవి యాంటీ చీట్, అంటే ఆన్‌లైన్ ఆటలో మోసం చేసేవాళ్లను పట్టే ప్రోగ్రాం, అడ్డుపడేవి. వాలొరెంట్, ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ డెక్‌లో ఉండే లినక్స్ ఆధారిత స్టీమ్ఓఎస్ మీద నడవవు. ఏపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది. 2024లో దాని కంపెనీ ఈఏ లినక్స్ తలుపు మూసేసింది. జీటీఏ 5లో కథ ఆడొచ్చు, 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ అనే యాంటీ చీట్ పెట్టిన తర్వాత ఆన్‌లైన్ భాగం మాత్రం డెక్‌లో పోయింది. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 వాల్వ్ సొంతవి కాబట్టి నడుస్తాయి, అయితే వాటిని కంట్రోలర్ స్టిక్కులతో ఆడటం వేరే శిక్ష. మీ స్నేహితుల బృందం రాత్రిపూట ఆడేది వాలొరెంట్ అయితే డెక్ వద్దు, విండోస్ యంత్రం చూసుకోండి. స్టోరేజీ సంగతి తర్వాత.

అనుమానం ఉన్న ఆటను కొని చూడటానికి స్టీమ్ రిఫండు నియమాన్ని వాడుకోండి: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బు వెనక్కి వస్తుంది. డౌన్‌లోడు సమయం ఇందులోకి రాదు. ఆట తెరిచి లాంచరులోనో, షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) కూర్చుకునే తెర ముందో కూర్చున్న సమయం మాత్రం వస్తుంది. కాబట్టి తెరవగానే కట్ సీన్లు చూస్తూ కూర్చోకుండా, అక్షరాల సైజు, ఫ్రేములు, స్లీప్ నుంచి లేపితే ఏమవుతుంది అన్నవి మొదటి అరగంటలోనే చూసేయండి. హాట్‌స్పాట్ వాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు పేరుకే. 60 జీబీ దింపేసరికి 14 రోజులు దాటిపోతాయి.

సైజు గురించి ఇంకో మాట. ఆట ఎంత పెద్దదైతే అందులో అంత సరుకు ఉందనుకోవడం పొరపాటు. హెల్‌డైవర్స్ 2 పీసీలో 150 జీబీ దాటి ఉండేది. పాత హార్డ్ డిస్కుల్లో త్వరగా దొరకాలని ఒకే ఫైళ్లను పలుచోట్ల మళ్లీ మళ్లీ పెట్టడం దానికి కారణం. 2025 చివర్లో ఆ నకళ్లు తీసేస్తే అదే ఆట 23 జీబీ దగ్గరకు వచ్చింది. ఫాల్అవుట్ 4కి 2017లో వచ్చిన ఉచిత హై రెజల్యూషన్ టెక్స్చర్ ప్యాక్ ఒక్కటే 58 జీబీ, అసలు ఆటకు అడిగింది 30. 800 గీతల తెర మీద ఆ 58 జీబీకి కనిపించే ఫలితం దాదాపు సున్నా. లైబ్రరీలో ఆట మీద గేరు గుర్తు నొక్కి, ప్రాపర్టీస్‌లో డీఎల్‌సీ (అదనపు భాగాలు) విభాగంలో ఇలాంటి ప్యాకులకు టిక్ తీసేయండి. కార్డు కొనకముందే జీబీలు తిరిగొచ్చే మార్గం ఇది, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు కార్డులు. దుకాణంలో ప్యాకెట్ మీద ఇంత పెద్ద అక్షరాలతో "200 ఎంబీ వేగం" అని ఉంటుంది. డెక్ స్లాటు యూహెచ్ఎస్-1 రకం; దాని పైకప్పు సెకనుకు 104 ఎంబీ. ఆ 200 రావాలంటే కంపెనీ సొంత పద్ధతిని గుర్తించే ప్రత్యేక రీడరు కావాలి. డెక్‌లో 200 కార్డూ, 100 కార్డూ దాదాపు ఒకేలా చదువుతాయి. రెండో వరస పిన్నులున్న యూహెచ్ఎస్-2 కార్డు కొంటే డబ్బు ఎక్కువ పోతుంది, వేగం అదే వస్తుంది. చూడాల్సింది రాత వేగం హామీ ఇచ్చే గుర్తులు: యూ3 లేదా వీ30 అంటే వరుసగా రాసేటప్పుడు సెకనుకు కనీసం 30 ఎంబీ. యూ1, క్లాస్ 10 అంటే 10 ఎంబీయే. ఏ1 అంటే చిన్నచిన్న ముక్కలను సెకనుకు 1500 సార్లు చదివి, 500 సార్లు రాయగలదని. ఏ2 అంటే 4000, 2000. కాకపోతే ఏ2 అంకెలు రావాలంటే యంత్రం కూడా కార్డులోని క్యూ (పనులను వరసలో పెట్టడం), క్యాషె (తాత్కాలిక నిల్వ) ఏర్పాట్లను వాడుకోవాలి, లేకుంటే ఏ2 కార్డు ఏ1 లాగే నడుస్తుంది. నేనైతే పేరున్న కంపెనీ యూ3 ఏ1 కార్డు చవగ్గా దొరికితే ఏ2 కోసం ఎదురుచూడను.

512 జీబీ కార్డు పెడితే 476 దగ్గర కనిపిస్తుంది. కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, సిస్టమ్ 1024తో లెక్కేస్తుంది. 1 టీబీ అయితే 931 కనిపిస్తుంది. ఇది మోసం కాదు, దుకాణంవాడితో గొడవ పెట్టుకోకండి. మోసం వేరే రకంగా ఉంటుంది.

నకిలీ కార్డు లోపల 32 జీబీయో, 64 జీబీయో ఉంటుంది, కంట్రోలరు చిప్పు మాత్రం "నేను 1 టీబీ" అని చెబుతుంది. ఫోన్లో పెట్టినా, కంప్యూటర్లో పెట్టినా 1 టీబీయే చూపిస్తుంది. నిజమైన సైజు దాటాక రాసిన ప్రతీదీ గాల్లో కలిసిపోతుంది, లేదా మొదట్లో రాసినదాని మీదే పడుతుంది. అందుకే మొదటి రెండు ఆటలు బాగానే నడిచి, మూడోది దింపాక మొదటిది "ఫైళ్లు పాడయ్యాయి" అంటుంది. అప్పటికి వస్తువు వాపసు ఇచ్చే గడువు అయిపోయి ఉంటుంది. కార్డు అందిన రోజే పరీక్ష పెట్టండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. లినక్స్, మ్యాక్‌లో ఎఫ్3. రెండూ చేసే పని ఒకటే: కార్డు నిండా తెలిసిన డేటా రాసి, మొత్తం తిరిగి చదివి పోల్చడం. సెకనుకు 60 ఎంబీ చొప్పున 512 జీబీ రాయడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు, చదవడానికి ఇంకో గంటన్నర పైన. ఓపిక పట్టాలి, సగంలో ఆపితే పరీక్షకు అర్థం లేదు, ఎందుకంటే దొంగతనం ఉండేది రెండో సగంలోనే. స్టీమ్ డెక్ కార్డును ఫార్మాట్ చేసేటప్పుడు కూడా అసలు సైజు చూసే పరీక్ష ఒకటి జరుగుతుంది. కొత్త కార్డు అక్కడే పదేపదే ఫెయిలవుతుంటే డెక్‌ని అనుమానించే ముందు కార్డును అనుమానించండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్టు సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు తప్పనిసరి. ఆన్‌లైన్‌లో అమ్మేది ఎవరన్న పేరు చదవండి. ఒకే పేజీలో పదిమంది అమ్మకందార్లు ఉంటారు. 1 టీబీ కార్డు మిగతావాటి ధరలో పావు వంతుకే కనిపిస్తే అది సేల్ కాదు.

ఫార్మాట్ దగ్గర ఒక ఉచ్చు ఉంది. స్టీమ్ఓఎస్ కార్డును ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది, విండోస్‌కి అది చదవడం రాదు. ఆ కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి, చేయమంటారా" అని మర్యాదగా అడుగుతుంది. అలవాటు కొద్దీ సరే నొక్కారంటే ఆటలన్నీ పోతాయి. విండోస్ యంత్రాల్లో ఎక్స్‌ఫ్యాట్‌గా వచ్చే కార్డును ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చుకోండి. ఎక్స్‌బాక్స్ యాప్ ఆటలు ఎన్‌టీఎఫ్ఎస్ లేనిదే ఎక్కవు. మొదటి తరం ఆర్ఓజీ అలైలో ఇంకో చిక్కు: వేడి ఎక్కువైనప్పుడు కార్డు రీడరు పనిచేయకపోవచ్చని ఏసుస్ 2023లోనే ఒప్పుకుని, ఫ్యాను వేగం పెంచే అప్‌డేటు ఇచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ మోడల్ కొనేవాళ్లు ఆట అరగంట ఆడాక కార్డు కనబడుతోందో లేదో చూసి డబ్బివ్వండి.

కార్డులో ఏవి, లోపలి ఎస్ఎస్‌డీలో ఏవి? ఎస్ఎస్‌డీ సెకనుకు రెండు వేల ఎంబీలకు పైగా చదువుతుంది, కార్డు వంద. ఇరవై రెట్ల తేడా అనుకుంటాం, కానీ ఆట తెరుచుకునే సమయంలో అంత తేడా ఉండదు. లోడింగులో ఎక్కువ సమయం పోయేది ముడుచుకున్న ఫైళ్లను ప్రాసెసరు విప్పడానికే. చిన్న, మధ్య సైజు ఆటలు కార్డు మీద హాయిగా నడుస్తాయి. పరిగెడుతూ ఉంటే లోకాన్ని ఎప్పటికప్పుడు డిస్కు నుంచి లాక్కునే సైబర్‌పంక్, బాల్డర్స్ గేట్ లాంటివి లోపలే ఉండాలి. వాటి కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ అని రాసి ఉంటుంది.

కార్డు అసలు నరకం చూపించేది ఆడేటప్పుడు కాదు, అప్‌డేటు అప్పుడు. ఆట ఫైళ్లను కొన్ని స్టూడియోలు 20, 30 జీబీల పెద్ద మూటలుగా కడతాయి. ఆ మూటలో ఒక చిన్న ముక్క మారినా స్టీమ్ పాత మూటను చదివి, మార్పు కలిపి, కొత్త మూట మొత్తం తిరిగి రాయాలి. డౌన్‌లోడు 1 జీబీయే, కానీ డిస్కు మీద 30 జీబీ చదవడం, 30 జీబీ రాయడం జరుగుతుంది. కార్డు నిలకడగా 30 ఎంబీయే రాయగలిగితే ఒక్క రాతకే పదిహేడు నిమిషాలు, చదవడం అదనం. పైగా కొత్త మూట పూర్తయ్యేదాకా పాతది ఉండాలి కాబట్టి ఖాళీ చోటు కూడా అంతే కావాలి. "1 జీబీ అప్‌డేటుకి చోటు లేదంటోంది, 10 జీబీ ఖాళీ ఉంది కదా" అనే ఫిర్యాదుకు జవాబు ఇదే. ఏ డ్రైవులోనైనా పదింట ఒక వంతు ఖాళీగా ఉంచుకోండి. తరచూ అప్‌డేట్లు వచ్చే ఆన్‌లైన్ ఆటలను కార్డు మీద పెట్టకండి. పూర్తయిపోయి, ఇక మారని పాత ఆటలకు కార్డు సరైన ఇల్లు.

64 జీబీ డెక్ కొన్నవాళ్లకు ఇంకో బెడద. ఆటను కార్డు మీద వేసినా షేడర్ క్యాషె, కంపాట్‌డేటా చాలావరకు లోపలి డ్రైవులోనే కూర్చుంటాయి. పాతిక ఆటలు కార్డు మీద పెట్టేసరికి లోపల "ఇతరాలు" అని చూపించే భాగం ఇరవై జీబీలు దాటొచ్చు, అప్పుడు సిస్టమ్ అప్‌డేటుకే చోటు చాలదు. వాళ్లకు కార్డు మందు కాదు, ఎస్ఎస్‌డీ మార్చడమే మందు.

డెక్‌లో పట్టేది ఎం.2 2230, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఉండే 2280 పట్టదు. చిప్పులు ఒకవైపే ఉన్నది తీసుకోండి. పాత డ్రైవులోది దానంతటది కొత్తదానికి వెళ్లదు కాబట్టి ముందుగా 8 జీబీ లేదా అంతకు పెద్ద పెన్ డ్రైవులో వాల్వ్ ఇచ్చే రికవరీ ఇమేజీ (సిస్టమ్‌ను మళ్లీ ఎక్కించే ఫైలు) రాసి పెట్టుకోండి. బ్యాటరీని పాతిక శాతం లోపుకి దించండి. తర్వాత, విప్పే ముందు, మెమరీ కార్డు బయటకు తీయండి. ఈ ఒక్క వాక్యం మర్చిపోయినవాళ్ల కార్డులు వెనక మూత లేస్తుండగా రెండుగా విరిగాయి; మూత మీది స్లాటులోంచి కార్డు లోపలి బోర్డులోకి దూరి ఉంటుంది మరి. వాల్యూమ్ ప్లస్, పవర్ కలిపి నొక్కి బయోస్‌లోకి, అంటే యంత్రం మూల సెట్టింగుల్లోకి వెళ్లి బ్యాటరీ స్టోరేజ్ మోడ్ ఆన్ చేస్తే యంత్రం పూర్తిగా ఆగిపోతుంది.

ఎల్‌సీడీ మోడల్ వెనక మూతకు ఎనిమిది స్క్రూలు, రెండు పొడవుల్లో ఉంటాయి. తీసిన వరసలోనే కాగితం మీద పెట్టుకోండి. ఓఎల్ఈడీకి టోర్క్స్ స్క్రూడ్రైవరు కావాలి. మూత తీశాక బోర్డు మీద లోహపు రేకు, దాని స్క్రూల్లో ఒకటి ఎల్‌సీడీ మోడల్‌లో వెండి రంగు స్టిక్కరు కింద దాక్కుని ఉంటుంది. రేకు తీసి ముందుగా బ్యాటరీ కనెక్టరు ఊడదీయండి, ఆ తర్వాతే ఎస్ఎస్‌డీ స్క్రూ. పాత ఎస్ఎస్‌డీ చుట్టూ ఒక లోహపు తొడుగు ఉంటుంది. దాన్ని పారేయకుండా కొత్తదానికి తొడగాలి, వైఫై పక్కనే ఉండే భాగం అది. అన్నీ బిగించాక ఛార్జరు పెడితే యంత్రం మేలుకుంటుంది. పెన్ డ్రైవు గుచ్చి, వాల్యూమ్ మైనస్, పవర్ కలిపి నొక్కి దాన్నుంచి బూట్ చేసి, రీఇమేజ్ అన్నది ఎంచుకోవడమే. స్క్రూ బిగించేటప్పుడు బలం చూపించకండి, ప్లాస్టిక్ మర ఒకసారి అరిగితే మళ్లీ పట్టదు.

ఇక ఎవరికి ఎంత? 100 ఎంబీపీఎస్ ఫైబరు ఉంటే 512 జీబీ లోపలి డ్రైవు ఒక్కటే చాలు, కార్డు అక్కర్లేదు. రెండు పెద్ద ఆటలు, పది చిన్నవి ఉంచుకుని, పూర్తయినది తీసేసి కొత్తది దించుకోండి. 256 మోడల్ ఉన్నవాళ్లు 256 కార్డు కలిపితే సరిపోతుంది. 30, 40 ఎంబీపీఎస్ ఊళ్లలో 512 లోపల, 512 కార్డు. హాట్‌స్పాట్ వాళ్లకు మాత్రమే నేను 1 టీబీ ఎస్ఎస్‌డీ అంటాను, దాంతోపాటు రెండు సెట్టింగులు: డౌన్‌లోడ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లకు ఒక సమయం కట్టేయడం, పెద్ద ఆటల ప్రాపర్టీస్‌లో "తెరిచినప్పుడే అప్‌డేటు చేయి" అన్నది పెట్టడం. లేకపోతే పొద్దున్నే మీరు లేచేలోపు షేడర్ల అప్‌డేట్లే రోజు డేటా మింగేస్తాయి.

వాళ్లకు ఇంకో పెద్ద సాయం, స్టీమ్‌లో 2023 నుంచి ఉన్న లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్. ఒకే వైఫై మీద ఉన్న కంప్యూటర్లో ఆ ఆట ఉంటే, డెక్ దాన్ని ఇంటర్నెట్ నుంచి కాక ఆ కంప్యూటర్ నుంచే లాక్కుంటుంది. కంప్యూటర్ స్టీమ్‌లో సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌కి వెళ్లి గేమ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్‌ను ఆన్ చేయాలి. అక్కడ "నాకు మాత్రమే" బదులు "స్నేహితులకు" అని పెడితే ఫైబరు ఉన్న బాబాయి కొడుకు కంప్యూటర్లోంచి కూడా వస్తుంది, ఆ ఆట మీ అకౌంటులోనూ ఉంటే చాలు. పండక్కి ఊరెళ్లినప్పుడు 100 జీబీ ఆట అరగంటా గంటలో వచ్చేస్తుంది. రూటరుకు కంప్యూటర్ని కేబులుతో కలిపితే ఇంకా త్వరగా.

నెట్ అసలే లేని ఇంటికి నింటెండో స్విచ్ మేలని అంటుంటారు, ఆట కార్డులోనే ఉంటుంది కాబట్టి. మొదటి స్విచ్‌కి అది చాలావరకు నిజం. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో చాలా డబ్బాల్లో ఉండేది గేమ్-కీ కార్డు: అందులో ఆట ఉండదు, డౌన్‌లోడుకు తాళంచెవి మాత్రం ఉంటుంది. డబ్బా ముందువైపు కింద ఆ గుర్తు చూసి కొనండి. స్విచ్ 2 ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, పాత స్విచ్ నుంచి తీసిన మామూలు కార్డు ఫొటోలు, వీడియోలు తెచ్చుకోవడానికి తప్ప పనికిరాదు. రెండు తరాల్లోనూ సేవ్ ఫైళ్లు కార్డు మీద కాదు, యంత్రంలోనే ఉంటాయి. కార్డు పోయిందని బెంబేలెత్తక్కర్లేదు, యంత్రాన్ని రీసెట్ చేసేటప్పుడు జాగ్రత్తపడాలి.

ఏ యంత్రంలోనైనా కార్డు ఒకరోజు చస్తుంది. చాలావాటికి చావంటే రాయడం మానేసి చదవడం మాత్రం చేయడం: ఆట తెరుచుకుంటుంది, అప్‌డేటు ఎక్కదు, ఫార్మాట్ కొట్టినా పాత ఆటలే కనిపిస్తాయి. అది కనబడగానే సేవ్‌లు క్లౌడ్‌కి ఎక్కాయో లేదో చూసుకుని, కార్డును బిల్లుతో సహా కంపెనీ సర్వీస్ సెంటరుకి పంపండి. పేరున్న కంపెనీలు కార్డులకు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కానీ వేరే దేశంలో కొన్నదానికి ఇక్కడ చెల్లుతుందో లేదో కొనేముందే వాళ్ల సైటులో చదువుకోవాలి. అమెరికా నుంచి డెక్ తెప్పించుకుంటున్నా కార్డు మాత్రం ఇక్కడే కొనండి.